కప్పను వదిలేశాం సరే... మైక్రోస్కోపును ఎందుకు వదిలేశాం?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బీఎస్సీ బీజెడ్‌సీ చదివే అమ్మాయి ఉంటే ఒక్కసారి ఆమె జువాలజీ రికార్డు అడిగి చూడండి. అట్టకి బ్రౌన్ పేపరు, లోపల ముచ్చటైన బొమ్మలు, పక్కన స్కేలు పెట్టి గీసిన గీతలు, కింద పొందికైన అక్షరాలు. చూడగానే ముచ్చటేస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఒక ప్రశ్న వెయ్యండి. "ఇందులో నువ్వు కళ్లారా చూసి గీసినవి ఎన్నమ్మా?"

చాలామంది నవ్వి ఊరుకుంటారు. కొందరు నిజం చెప్పేస్తారు. "సీనియర్ అక్క రికార్డు చూసి వేశాను."

ఆ నవ్వు వెనక ఉన్న సంగతే ఈ వ్యాసం. మన ఊళ్లలో డిగ్రీ జువాలజీ చదివేవాళ్లలో ఆడపిల్లలు తక్కువేమీ కాదు. ఎంబీబీఎస్ సీటు రానివాళ్లు, దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోనివాళ్లు, బీఈడీ చేసి టీచరు కావాలనుకునేవాళ్లు ఈ గ్రూపులో చేరుతున్నారు. మూడేళ్లు చదివి, ప్రాక్టికల్స్‌లో మంచి మార్కులు తెచ్చుకుని బయటికొస్తున్నారు. కానీ మైక్రోస్కోపు చేతికిచ్చి ఒక స్లైడు ఫోకస్ చెయ్యమంటే ఎంతమంది చెయ్యగలరు?

దమ్మపేట ప్రాంతంలో కొందరు డిగ్రీ అమ్మాయిలతో మాట్లాడినప్పుడు నాకు ఈ ప్రశ్న మరీ బలంగా తోచింది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన మండలం ఇది. ఒకవైపు సత్తుపల్లి దారి, మరోవైపు అడవి. మధ్యలో కిలోమీటర్ల కొద్దీ ఆయిల్‌పామ్ తోటలు, కోయగూడేలు. ఇక్కడి పిల్లల్లో కొందరు సత్తుపల్లికో, కొత్తగూడానికో, ఖమ్మానికో వెళ్లి చదువుకుంటారు. ఇంకొందరు గురుకుల డిగ్రీ కాలేజీల హాస్టళ్లలో ఉంటారు. ఈ వైపు డిగ్రీ కాలేజీలకు యూనివర్సిటీ అంటే వరంగల్‌లోని కాకతీయే.

వాళ్లలో ఒకమ్మాయి చెప్పిన మాట ఇది. "మైక్రోస్కోపులో ఒకసారి చూశాను మేడమ్. సారు ఫోకస్ చేసి పెట్టారు. లైన్లో నిలబడి ఒక్కొక్కళ్లం చూసి వచ్చేశాం. ఏం కనపడిందో గుర్తులేదు." ఆ పిల్ల పుట్టి పెరిగింది అడవి అంచున. పురుగూ పుట్రా, చేపా పిట్టా ఆమెకి తెలిసినంతగా నగరంలో చదివే పిల్లలకి తెలియదు. జువాలజీ ఆమెకి కొట్టిన పిండి కావాల్సింది. కానీ పరాయి పాఠమైపోయింది.

కప్ప ఎందుకు వెళ్లిపోయింది?

ఇప్పుడు నలభై దాటిన బీజెడ్‌సీ అక్కచెల్లెళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మైనం పోసిన ట్రే, కాళ్లూ చేతులూ చాపి గుండుసూదులు గుచ్చిన కప్ప, క్లోరోఫాం వాసన, ముక్కుకి అడ్డంగా చున్నీ. బొద్దింక నోటి భాగాలు, నత్త నాడీమండలం, వానపాము, సొరచేప పిల్ల... ఒక్కో బ్యాచ్‌కి ఎన్ని ప్రాణులు ఖర్చయ్యేవో లెక్కే లేదు. ప్రతి ఏడూ, ప్రతి కాలేజీలో, అదే నరాన్ని అదే పద్ధతిలో బయటికి తీసి చూపించడమే పరీక్ష.

దీన్ని మార్చాలని దేశంలో చాలాకాలం వాదన జరిగింది. కప్పలు పొలంలో పురుగుల్ని తిని రైతుకి మేలు చేస్తాయని, వాటి సంఖ్య తగ్గితే పురుగు పెరుగుతుందని గుర్తించి 1987లోనే కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వం ఆపేసింది. 2011లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, డిసెక్షన్‌ని దశలవారీగా తగ్గించమంది. డిగ్రీ విద్యార్థులు ఎవరూ కొయ్యకూడదు, లెక్చరరు ఒక్క జాతి ప్రాణిని మాత్రం కోసి చూపించవచ్చు అని మార్గదర్శకాలిచ్చింది. 2014లో అదీ లేదని, డిగ్రీలోనూ పీజీలోనూ జువాలజీకి డిసెక్షన్ పూర్తిగా ఆపెయ్యమని చెప్పింది.

ఈ నిర్ణయం మంచిదేనని నేననుకుంటాను. డాక్టరు కాబోని లక్షల మంది పిల్లలు ఏటా కప్పల్ని కొయ్యాల్సిన పనిలేదు. ఆ భయానికి గ్రూపు మార్చుకున్న అమ్మాయిలు నాతో చదివినవాళ్లలోనే ఇద్దరున్నారు. శాకాహార కుటుంబాల పిల్లలు ఇంటికెళ్లి తలస్నానం చేస్తేగానీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ బాధలన్నీ పోయాయి. సంతోషమే.

మరి తీసేసినదాని స్థానంలో ఏం పెట్టాం? అసలు చర్చ అక్కడ జరగాలి. అక్కడే మనం మాట్లాడటం మానేశాం.

ఖాళీ అయిన బల్ల

యూజీసీ డిసెక్షన్ వద్దందే కానీ ప్రాక్టికల్స్ వద్దనలేదు. కంప్యూటర్ బొమ్మలు, నమూనాలు, ప్రాణహాని లేని ప్రయోగాలు, బయట తిరిగి చేసే పరిశీలనలు పెట్టుకోమంది. పెద్ద నగరాల్లో మంచి కాలేజీలు అలాగే చేశాయి. చిన్న ఊళ్లలో చాలాచోట్ల జరిగింది వేరు. ట్రే బీరువాలోకి వెళ్లింది. దాంతోపాటే కత్తెర, సూది, స్లైడు, ఆఖరికి మైక్రోస్కోపు కూడా లోపలికి వెళ్లిపోయాయి. మిగిలినవి గోడమీద చార్టులు, ఫార్మలిన్ సీసాల్లో రంగుపోయిన నమూనాలు, పరీక్షరోజు బల్లమీద వరసగా పెట్టే స్పాటర్లు. పేరు రాయి, వర్గం రాయి, రెండు లక్షణాలు రాయి, ముందుకు జరుగు!

లెక్చరర్లని తప్పు పట్టడం తేలిక. కానీ వాళ్ల గోడూ వినాలి. ఒక గెస్ట్ లెక్చరరు నాతో అన్నారు, "అటెండరు లేడు. స్లైడు నేనే కడుక్కోవాలి, పాఠం నేనే చెప్పాలి, బల్ల నేనే తుడవాలి. నలభై మందికి పనిచేసేవి మూడు మైక్రోస్కోపులు. వచ్చే ఏడు నన్ను తీసుకుంటారో లేదో తెలియదు. ఏం చెయ్యమంటారు?" దీనికి జవాబు ఆయన దగ్గర దొరకదు. పోస్టులు భర్తీ చేసేవాళ్ల దగ్గర, ల్యాబ్ గ్రాంటు ఇచ్చేవాళ్ల దగ్గర దొరకాలి.

"ఇప్పుడన్నీ కంప్యూటర్లో వచ్చేశాయి కదా" అనేవాళ్లూ ఉన్నారు. కేంద్ర విద్యాశాఖ సాయంతో నడిచే వర్చువల్ ల్యాబ్స్‌లో జీవశాస్త్ర ప్రయోగాలు చాలా ఉన్నాయి. ప్రాణి లోపలి నిర్మాణం అర్థం చేసుకోవడానికి అవి నిజంగా బాగుంటాయి. తప్పు చేస్తే మళ్లీ మొదలుపెట్టవచ్చు, ఏ ప్రాణీ చావదు. కానీ చేతిపని తెర మీద రాదు. టీవీలో వంట చూస్తూ ఉప్పు సరిపోయిందో లేదో చెప్పలేం కదా! స్లైడు మీద రక్తం ఎంత పలచగా పరచాలో, రంగు ఎంతసేపు ఉంచాలో, ఫోకస్ స్క్రూ ఎంత తిప్పితే గాజు పగలకుండా బొమ్మ నిలుస్తుందో వేళ్లకి తెలియాలి. అది పదిసార్లు చేస్తేనే వస్తుంది.

దోమతో మొదలుపెట్టొచ్చు

దమ్మపేట లాంటి చోట జువాలజీ ల్యాబుకి సామాను కరువా? మలేరియా అంటే ఏమిటో ఈ ఏజెన్సీ పల్లెలకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదివరకటి కంటే కేసులు బాగా తగ్గాయి. 2030 నాటికి మలేరియాని లేకుండా చెయ్యాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. జబ్బు తగ్గిన కొద్దీ మిగిలిన ఒక్కో కేసునీ పట్టుకోవడానికి జాగ్రత్తగా చూసే కళ్లు ఇంకా ఎక్కువ కావాలి.

ఈ కథలో మన తెలుగు నేలకి గొప్ప చోటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మొట్టమొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. ఆ పని చేసింది అద్దాల మేడలో కాదు. నుదుటి చెమట, చేతుల చెమట పడి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలి ఉందని ఆయనే రాసుకున్నాడు. దోమలచేత కుట్టించుకున్న రోగికి కాటుకి అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల్ని ఒక్కొక్కటిగా విప్పి చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. సరైన సామాను లేదని ఆయన బల్ల దగ్గర్నుంచి లేచిపోయి ఉంటే?

మన పిల్లలు దోమల్ని కొయ్యక్కర్లేదు. ఒక గాజు సీసా, ఒక గరిటె, పల్చటి బట్ట ఉంటే చాలు. నిలవ నీళ్లలోంచి దోమ పిల్లల్ని తెచ్చి చూడమనండి. మలేరియా మోసే అనాఫిలిస్ పిల్లలు నీటి పైపొరకి ఆనుకుని పడుకున్నట్టు బల్లపరుపుగా ఉంటాయి. క్యూలెక్స్ పిల్లలు తల కిందికి వేలాడేసి, తోకవైపు గొట్టంతో గాలి పీలుస్తాయి. పెద్ద దోమల్లోనూ తేడా తెలుస్తుంది. గోడమీద వాలినప్పుడు అనాఫిలిస్ తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది. సీసా మూతికి బట్ట గట్టిగా కట్టి, రెక్కలొచ్చేలోపే ఆ నీళ్లు ఎండ నేలమీద పారబోస్తే ఎవరికీ ప్రమాదం లేదు. రికార్డులో గీసే బొమ్మకి అప్పుడు అర్థం వస్తుంది. పైగా ఆ పిల్ల ఇంటికెళ్లి అమ్మకి చెబుతుంది, ఏ తొట్టిలో ఏ దోమ పెరుగుతోందో.

ఆపైన రక్తం పూత. మలేరియా పరీక్షకి మందపు పూత, పల్చటి పూత రెండూ వేస్తారు. మందపు పూతలో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది, పల్చటి పూతలో అది ఏ రకమో తెలుస్తుంది. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియను రోజూ చేసే పని ఇదే. కాలేజీ వాళ్లు మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి ఏడాదికి రెండు పూటలు పిల్లల్ని అక్కడ కూర్చోబెడితే ఎంత నేర్చుకుంటారు!

తోటలో ముక్కు పురుగు

ఈ ప్రాంతానికి అన్నం పెడుతున్న పంటల్లో ఆయిల్‌పామ్ ఒకటి. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. కానీ ఆ గెలలు అలా నిండుగా కాయడానికి ఒక చిన్న ముక్కు పురుగు కారణమని తోటల మధ్య పెరిగే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయిల్‌పామ్‌లో మగ పూగెలలు వేరు, ఆడ పూగెలలు వేరు. మగ పూల వాసనకి ఈ పురుగులు మూగుతాయి, ఒంటికి పుప్పొడి అంటించుకుని ఆడ పూల దగ్గరికి వెళతాయి. దీని సొంత ఊరు ఆఫ్రికా. మన దేశానికి 1985లో తెచ్చి కేరళ తోటల్లో వదిలారు. అంతకుముందు పుప్పొడిని మనుషులే చల్లాల్సి వచ్చేది.

ఒక మగ పూగెల కొమ్మ తెచ్చి భూతద్దంతో చూస్తూ పురుగుల్ని లెక్కపెట్టమనండి. వానరోజు ఎన్ని, ఎండరోజు ఎన్ని, మందు కొట్టిన తోటలో ఎన్ని? నెల రోజులు రాస్తే అదొక చక్కటి ప్రాజెక్టు. రైతుకీ పనికొస్తుంది. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, అడిగితే చెప్పేవాళ్లున్నారు. ఏ ప్రాణినీ కొయ్యకుండా జువాలజీ ప్రాక్టికల్ ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తోచలేదు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. చేపల మార్కెట్లో పారేసే పొలుసు ఒకటి కడిగి స్లైడు మీద పెడితే, చెట్టు మొదలు నరికినప్పుడు కనిపించే వలయాల్లాంటివి కనిపిస్తాయి. దాన్నిబట్టి చేప ఎలా పెరిగిందో అంచనా వేస్తారు. వానపాముల ఎరువు తొట్టి, మాగిన అరటిపండు మీద వాలే చిన్న ఈగల పెంపకం, చెరువు నీటి చుక్కలో కదిలే ప్రాణులు, పొద్దున్నే గంటసేపు పిట్టల లెక్క. ఇంట్లో చేప తోమే చేతికి పొలుసు తియ్యడం ఎవరు నేర్పాలి?

ఆడపిల్లలకి ఏం పోతోంది?

నేను చదువుకున్న కాలేజీలో మైక్రోస్కోపు చుట్టూ మగపిల్లలు ముందు నిలబడేవాళ్లు. అమ్మాయిలం వెనక నిలబడి నోట్సు రాసుకునేవాళ్లం. "మీ రాత బాగుంటుంది, మీరు రాయండి" అనేవాళ్లు. పొగడ్తలా వినిపించేది కానీ పని చేతికి అందేది కాదు. ఇప్పుడు క్లాసులో అమ్మాయిలే ఎక్కువున్నా ఆ అలవాటు పోలేదు. చక్కగా రాస్తే చాలు, రికార్డు నీటుగా ఉంటే చాలు!

పర్యటనల సంగతీ అంతే. ఫీల్డ్ ట్రిప్ అనగానే ఇంట్లో మొదటి మాట, "ఎవరెవరు వస్తున్నారు? చీకటి పడేలోపు వస్తారా?" ఆ భయం అర్థం లేనిదని నేననను. కానీ దానికి మందు పిల్లని మాన్పించడం కాదు. లేడీ లెక్చరరు వెంట ఉండాలని, సాయంత్రంలోపు తిరిగి రావాలని, బస్సు కాలేజీయే చూడాలని మనం గట్టిగా అడగాలి.

చేతిపని రాకపోతే ముందు నష్టపోయేది ఉద్యోగంలో. బీఎస్సీ జువాలజీ ఒక్కదానితోనే ల్యాబ్ టెక్నీషియను కాలేరు, దానికి వేరే కోర్సు చెయ్యాలి. కానీ స్లైడు వెయ్యడం వచ్చిన పిల్లకి ఆ కోర్సు సులువు. భీమవరం వైపు రొయ్యల చెరువులకి నీళ్లు పరీక్షించే ల్యాబుల్లో, హేచరీల్లో మైక్రోస్కోపు చూడటం వచ్చినవాళ్లకి పనుంది. పట్టుపురుగుల పెంపకం, చేపల పెంపకం, పీజీ, పరిశోధన, ఎటు వెళ్లినా మొదట అడిగేది "చేసి చూపించగలవా?" అనే.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఈ పిల్లల్లో చాలామంది రేపు బీఈడీ చేసి హైస్కూల్లో బయాలజీ టీచర్లవుతారు. తను ఏనాడూ ఫోకస్ చెయ్యని టీచరు పిల్లలకి మైక్రోస్కోపు ఇవ్వదు. పగిలితే ఎవరు కడతారని బీరువాలోనే ఉంచుతుంది. అప్పుడు ఆ ఊరి పిల్లలూ చూడకుండానే పెద్దవాళ్లవుతారు. ఒక తరం బల్ల ఖాళీ అయితే మరో తరం బల్ల కూడా ఖాళీయే.

డబ్బు మాట

డబ్బు లేదనే మాట వినిపిస్తుంది. నిజానికి విద్యార్థులు వాడే మాదిరి మైక్రోస్కోపు ఒకటి మన చేతిలో ఉన్న సెల్‌ఫోను కన్నా ఖరీదేం కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసే మన దేశపు శాస్త్రవేత్త మను ప్రకాష్ బృందం కాగితం మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్‌ని 2014లో లోకానికి పరిచయం చేసింది. పుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్లవచ్చు, సెల్‌ఫోను అంటించి ఫొటో తియ్యవచ్చు. వస్తువు ఇప్పుడు అందుబాటులోనే ఉంది. దాన్ని వాడటానికి టైంటేబుల్లో గంటలు, నేర్పడానికి మనిషి, కడగడానికి అటెండరు కావాలి.

తల్లులూ, మీరు అడగాల్సినవి

ఫీజు కట్టే రోజున, పేరెంట్స్ మీటింగు రోజున మార్కులతోపాటు ఈ ప్రశ్నలూ అడగండి. మీరు చదువుకోకపోయినా ఫరవాలేదు, వీటికి సైన్సు అక్కర్లేదు.

• జువాలజీకి మైక్రోస్కోపులు ఎన్ని? వాటిలో పనిచేసేవి ఎన్ని? ఒక్కోదానికి ఎంతమంది?

• వారానికి ప్రాక్టికల్ గంటలు టైంటేబుల్లో ఉన్నాయా, నిజంగా జరుగుతున్నాయా?

• మా అమ్మాయి ఈ సెమిస్టర్లో సొంతంగా వేసిన స్లైడు ఏది?

• బ్లడ్ గ్రూపు ప్రయోగంలో ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకుండా చూస్తున్నారా? ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. రక్తంతో వచ్చే జబ్బులు కాలేజీ చూసి ఆగవు.

• ఫార్మలిన్ సీసాలున్న గదికి గాలి వచ్చే కిటికీలున్నాయా? పిల్లలకి గ్లవుజులిస్తున్నారా? ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది.

• ఏడాదిలో ఒక్కసారైనా ఆరోగ్య కేంద్రానికో, తోటకో, చెరువుకో తీసుకెళతారా? వెంట లేడీ లెక్చరరు ఉంటారా?

ఒక్క తల్లి అడిగితే "చూద్దాంలెండి" అంటారు. పదిమంది అడిగితే బీరువా తాళం తీస్తారు. పరీక్షకి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకీ ఒక మనవి. స్పాటర్లు, రికార్డు చూసి మార్కులు వేసెయ్యకండి. ఒక్కొక్క పిల్లకీ ఒక శుభ్రమైన స్లైడు, ఒక నీటి చుక్క ఇచ్చి "ఏం కనపడుతోందో చెప్పమ్మా" అనండి. పరీక్షలో అడుగుతారని తెలిస్తే కాలేజీల్లో నేర్పడం దానంతటదే మొదలవుతుంది.

కప్పని బతకనిచ్చాం, మంచి పని చేశాం. ఆ జాలిలో కాస్త మన ఆడపిల్లల చదువుమీద కూడా చూపిస్తే, అడవి అంచున పుట్టిన పిల్ల తన ఊరి దోమనీ, తన తోట పురుగునీ తన కళ్లతోనే చూసి నేర్చుకుంటుంది.